ఆబ్సెంట్ పడితే పడనివ్వండి

వార్షికోత్సవం రోజున స్టేజీ మీదికి పిలిచి, 'వంద శాతం హాజరు' అని ఒక సర్టిఫికెట్టూ చిన్న షీల్డూ చేతిలో పెడతారే, దాని మీద నాకు ఎప్పట్నుంచో కోపం. లెక్కల్లో ఫస్ట్ వచ్చిన పిల్లకి ఇస్తే అర్థముంది. ఖోఖోలో గెలిచిన జట్టుకి ఇస్తే అర్థముంది. ఏడాది పొడుగునా జ్వరం రాకపోవడం పిల్లల గొప్పేముందండీ, అది వాళ్ల అదృష్టం. ఇక జ్వరం వచ్చినా మానకుండా వచ్చి కూర్చున్నందుకు ఇచ్చేదైతే, బెంచీలో పక్కన కూర్చున్న ముగ్గురికీ అంటించినందుకు ఇచ్చే బహుమతి అన్నమాట.

మరీ అంత ఇదిగా మాట్లాడుతోందేమిటి, ఒక అట్టముక్కే కదా అనుకోవచ్చు మీరు. ఆ అట్టముక్క వెనక ఉన్నదాని గురించే నా బాధంతా.

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. కొత్త పుస్తకాలకి అట్టలు వేయడం పూర్తయ్యేసరికి ముసురు పట్టుకుంటుంది. జూలై వచ్చిందంటే మా పిల్లల డాక్టరుగారి క్లినిక్ బయట మెట్ల దాకా చెప్పులే. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఊళ్ల మీద పడుతుంది. వానాకాలంలో ఒకసారి, మళ్లీ జనవరి నుంచి మార్చి దాకా ఇంకోసారి. ఇప్పుడు బడి క్యాలెండరు పక్కన పెట్టుకుని చూడండి. వానల్లో ఎఫ్ఏ పరీక్షలు, వాటి మధ్యలో స్లిప్ టెస్టులు. చలికాలం చివర ప్రీఫైనల్స్, ఆ వెనకే పబ్లిక్ పరీక్షలు. జబ్బులు ముమ్మరంగా ఉండే రోజులూ, 'తప్పకుండా పంపించండి' అని క్లాస్ గ్రూపులో మెసేజ్ వచ్చే రోజులూ ఒకటే. కావాలని ఎవరూ అలా పెట్టలేదు, నాకు తెలుసు. కానీ ఆ రెండూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు.

పొద్దున్న ఏడింటికి పిల్లవాడి ఒళ్లు కాలిపోతుంటుంది. ఓ పారాసెటమాల్ వేస్తారు. ఎనిమిదింటికి చెమట పట్టి చల్లబడతాడు. రెండు ఇడ్లీ తిని, 'తగ్గిపోయిందమ్మా' అంటాడు. ఆటో ఎక్కిస్తారు. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. పన్నెండు అయ్యేసరికి మళ్లీ జ్వరం. ఈలోపు ప్రేయరూ, మూడు పీరియడ్లూ, ఇంటర్వెల్లో ఒకే నీళ్ల సీసాతో నలుగురూ తాగడం అన్నీ అయిపోతాయి. మందు జ్వరాన్ని దించుతుంది గానీ లోపలున్న వైరస్‌ని ఏమీ చెయ్యదు. పిల్లవాడు చల్లగా ఉన్నా దగ్గులో, తుమ్ములో అది బయటికి వస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం ఆఫీసు రూము నుంచి ఫోన్ వస్తుంది, వచ్చి తీసుకెళ్లమని.

ఆ ఫోన్ ఎవరికి వస్తుందో గమనించారా? అడ్మిషన్ ఫారంలో మొదట రాసేది నాన్న నంబరు. మోగేది మాత్రం అమ్మ ఫోను.

అందుకే, జ్వరం పిల్లల్ని బడికి పంపే తల్లుల్ని నాలుగు తిట్టి ఊరుకునే వ్యాసాలు చదివితే నాకు ఒళ్లు మండుతుంది. మా పక్కింటావిడ బట్టల షాపులో సేల్స్‌లో చేస్తుంది. వెళ్లని రోజుకి జీతం లేదు. పోయిన శ్రావణంలో వాళ్ల బాబుకి జ్వరమొచ్చింది. అసలే పండగ సీజను. "అక్కా, ఈ నెల్లో ఇప్పటికే రెండు రోజులు పోయాయి, ఇవాళ కూడా రానంటే ఓనరు రేపట్నుంచి రావొద్దంటాడు" అంది. ఆవిడకి తెలియకనా? కన్నతల్లికి పిల్లాడి ఒంట్లో వేడి తెలియదా? తెలిసే పంపుతుంది, దారంతా అదే తలుచుకుంటూ వెళ్తుంది. ఆ రోజు బాబుని మా ఇంట్లో పడుకోబెట్టుకున్నాను. నేను ఇంట్లో ఉండేదాన్ని కాబట్టి కుదిరింది. మా ఇంట్లో మా అత్తగారున్న గది తలుపు మూసి, వాడిని ముందు గదిలో కిటికీ పక్కన పడుకోబెట్టాల్సి వచ్చింది. ఎందుకో చెప్తాను.

అంతకు ముందు ఏడాది మా అమ్మాయికి క్లాసులో అంటుకున్న ఫ్లూ మూడు రోజుల్లో తగ్గిపోయింది. నాలుగో రోజు చక్కగా సైకిలు తొక్కింది. అదే జబ్బు మా అత్తగారికి వచ్చింది. 72 ఏళ్లు, షుగరు. నిమోనియాలోకి దిగి 9 రోజులు ఆసుపత్రిలో, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద. ఇప్పటికీ మెట్లెక్కితే ఆయాసమే. పిల్లలకి వచ్చేది చాలామటుకు పిల్లలకి తేలిగ్గానే పోతుంది. అది బడి బ్యాగుతోపాటు ఇంటికొచ్చి నాన్నమ్మ మంచం దగ్గరో, గర్భిణిగా ఉన్న పిన్ని దగ్గరో, ఉయ్యాల్లో ఉన్న చంటిదాని దగ్గరో ఆగుతుంది. ఒక పిల్లని మూడు రోజులు ఇంట్లో ఉంచడమంటే మనకి మొహమైనా తెలియని ఎవరో ఒక నాన్నమ్మని కాపాడటం. పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

సరే, హాజరు తగ్గితే ఏమవుతుంది? భయపడేంత ఏమీ లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఒకటి నుంచి అయిదు తరగతులకి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220. సీబీఎస్ఈ వాళ్లు బోర్డు పరీక్షలకి అడిగేది 75 శాతం హాజరు. ఆ లెక్కే చిన్న తరగతులకి వేసి చూసినా 220 రోజుల్లో 55 రోజులు మానినా దాటిపోదు. అనారోగ్యమైతే అందులోనూ సడలింపు ఉంది. మూడు రోజుల ఫ్లూకి గుండెలు బాదుకోవాల్సిన పనేముంది? చట్టం అడగని వంద శాతాన్ని అడుగుతున్నది బడి నోటీసు బోర్డూ, మన మనసులో ఉన్న పోటీ. పోయిన నోట్సంటారా, కరోనా రోజుల్లో ఏడాదిన్నర ఫోన్లలోనే చదువు చెప్పించుకున్న వాళ్లం. బోర్డు మీద రాసింది ఫోటో తీసి గ్రూపులో పెట్టడం ఏ టీచరమ్మకీ కొత్త కాదు.

అలాగని ముక్కు కారిన ప్రతిసారీ మాన్పించమని నేననను. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు, ఎనిమిదిసార్లు జలుబు చేయడం మామూలే. ఆ లెక్కన మాన్పిస్తే ఇక బడెందుకు? డాక్టర్లు చెప్పే కొండగుర్తు ఒకటుంది. జ్వరం మందు వెయ్యకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, పిల్ల తిని, ఆడుకునేలా ఉండాలి. అప్పుడు పంపొచ్చు. దగ్గు ఇంకా ఉన్నా ఫరవాలేదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ దేశమంతా తిరిగినప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వాళ్లు చెప్పింది కూడా ఇదే, జ్వరం మూడు రోజుల్లో పోతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చని. ఆ మిగిలిన దగ్గుకి ఒక మాస్కు, జేబులో ఒక రుమాలు, మోచేతి మడతలోకి దగ్గడం చాలు. మా చిన్నప్పుడు ఒకటో తరగతి పిల్లలకి గౌనుకి పిన్నీసుతో జేబురుమాలు గుచ్చి పంపేవారు, గుర్తుందా? ఇప్పుడు యూనిఫాంకి టై ఉంది, బెల్టుంది, ఐడీ కార్డుంది, రుమాలు లేదు.

అదే మార్చిలో ఆ డాక్టర్ల సంఘం ఇంకో మాట గట్టిగా చెప్పింది. అజిత్రోమైసిన్, అమాక్సిక్లావ్ లాంటి యాంటీబయాటిక్స్‌ని ఊరికే మింగేయొద్దని. మన ఇళ్లల్లో ఇదొక అలవాటు. మందుల షాపుకెళ్లి 'జలుబు, దగ్గు, పిల్లకి' అంటే చాలు, అడగకుండానే ఇచ్చేస్తాడు. ఫ్లూ వైరస్ మీద ఆ మందు పనిచెయ్యదు. రేపు నిజంగా బాక్టీరియా వల్ల నిమోనియా వచ్చినప్పుడు మొండికేసేది మాత్రం ఈ అలవాటు వల్లే. ఫ్రిజ్ తలుపులో అక్కకి పోయినసారి మిగిలిన సీసా ఉంటుంది చూడండి, అది ఇవాళే పారబోయండి.

దగ్గు సిరప్‌ల సంగతీ అంతే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి, కిడ్నీలు పాడై ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసి ఉంది. ఆ తల్లులు కూడా మనలాగే చెంచాతో కొలిచి, ఫూ అని ఊది, బుజ్జగించి పట్టించి ఉంటారు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ మళ్లీ చెప్పింది, రెండేళ్లలోపు వాళ్లకి దగ్గు, జలుబు మందులు రాయనే కూడదు, అయిదేళ్లలోపు వాళ్లకి మామూలుగా అవసరమే ఉండదని. కాస్త పెద్దపిల్లలకైనా గోరువెచ్చని నీళ్లు, ఏడాది దాటిన వాళ్లకైతే ఒక చెంచా తేనె, మిరియాల చారు. గొంతు గరగర తగ్గడానికి ఇవి బాగానే పనిచేస్తాయి, ఏ విషమూ ఉండదు.

పారాసెటమాల్ కూడా జాగ్రత్తగా చూసి వెయ్యాల్సిన మందే. సిరప్ సీసాల్లో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు ఉండేవీ ఉన్నాయి, 250 ఉండేవీ ఉన్నాయి. పైన పేరు ఒకటే, రంగు ఒకటే. 'పోయినసారి ఇంతే వేశాం' అని కొత్త సీసాలోంచి పోస్తే రెట్టింపు పడిపోతుంది. డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. ఒక మోతాదుకి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మా ఇంట్లో క్యాలెండరు వెనకాల అమ్మాయి బరువూ, ఎంత వెయ్యాలో డాక్టరుగారు చెప్పిందీ పెన్సిల్‌తో రాసి పెట్టాను. అర్ధరాత్రి రెండింటికి అవే అక్కరకొస్తాయి. నిమెసులైడ్ ఇప్పటికీ కొందరు పెద్దవాళ్ల మాత్రని సగం విరిచి వేస్తుంటారు. 12 ఏళ్లలోపు పిల్లలకి దాన్ని 2011లోనే నిషేధించారు. ఆస్పిరిన్ అయితే ఫ్లూ ఉన్న పిల్లల దరిదాపులకి కూడా రానివ్వకూడదు.

పథ్యం గురించి మా అత్తగారితో నాకు ఓ చిన్న యుద్ధమే జరిగింది. లంఖణం పరమౌషధం అంటారావిడ. అజీర్తికి అది నిజమేమో. జ్వరంతో చెమటలు కక్కుతున్న పిల్లకి తిండీ నీళ్లూ మాన్పిస్తే నీరసంతో పడిపోతుంది. గంజి, పలచని పెసరకట్టు, రాగిజావ, కొబ్బరినీళ్లు, ఏది దిగితే అది, కొంచెం కొంచెంగా. పెరుగు వద్దంటారు, పిల్ల అడిగితే నేను పెడతాను. చివరికి మా ఇద్దరికీ రాజీ ఎక్కడ కుదిరిందంటే, పొయ్యి మీంచి దించిన మరుగు నీళ్ల గిన్నె పిల్ల ముందు పెట్టి ఆవిరి పట్టించడం మానేశాం. దుప్పటి కింద గిన్నె ఒలికి కాళ్లు కాలిన పిల్లల్ని ఆవిడా చూశారు, నేనూ చూశాను.

ఇంట్లో ఉంచుకున్నప్పుడు ఏవేం కనిపిస్తే ఆగకూడదో కూడా తెలిసి ఉండాలి. ఊపిరి ఎగబీలుస్తూ డొక్కలు ఎగరేయడం, పెదాలు నీలంగా మారడం, నీళ్లు కూడా దిగకపోవడం, లేపినా మత్తుగా మగతగా ఉండటం, మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోవడం, లేదా ఒకరోజు తగ్గి మళ్లీ గట్టిగా తిరగబెట్టడం. వీటిలో ఏది కనిపించినా రేపు పొద్దున్న చూద్దామనుకోకుండా వెళ్లిపోవాలి. ఉబ్బసం ఉన్న పిల్లలైతే ఇన్‌హేలరు బ్యాగులో ఉండాలి, టీచరుకి తెలిసి ఉండాలి. ఆడపిల్ల, నలుగురికీ తెలిస్తే రేపు సంబంధాలు రావని దాన్ని దాచే వాళ్లు ఇంకా ఉన్నారు. ఊపిరి ఆడకపోయాక సంబంధాలెందుకో!

ఫ్లూ టీకా గురించి ఒక్క మాట. సర్కారు ఉచితంగా ఇచ్చే టీకాల్లో ఇది లేదు, డబ్బులు పెట్టి వేయించుకోవాలి. ఆరు నెలలు దాటిన ఎవరికైనా వెయ్యొచ్చు. ఏటా వేయించాలి, ఎందుకంటే వైరస్ మారుతూ ఉంటుంది. తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలు ముదిరాక కాకుండా, బడి తెరిచే ముందే వేయిస్తే మేలు. అందరికీ కుదరదంటే, ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లకీ, షుగరున్న పెద్దావిడకీ ముందు వేయించండి.

ఇక బడి వైపు చూద్దాం. ఊరంతా హోర్డింగులు, 'పూర్తి ఏసీ తరగతి గదులు' అని. గోడకి బిగించే ఆ ఏసీ బయటి గాలి ఒక్క చుక్క కూడా తీసుకురాదు. లోపలున్న గాలినే చల్లార్చి చల్లార్చి మళ్లీ లోపలికే వదులుతుంది. కిటికీలన్నీ మూసి, నలభై మంది పిల్లలు ఒకళ్లు వదిలిన ఊపిరి ఒకళ్లు పీల్చుకుంటూ కూర్చోవడానికి మనం ఫీజు ఎక్కువ కడుతున్నాం. ఈ విషయంలో మా అమ్మ చదివిన పంచాయతీ బడి నయం. గోడల్లో ఇటూ అటూ ఎదురెదురు కిటికీలు, చువ్వలు తప్ప అద్దాలు లేవు. వాన జల్లు పుస్తకాల మీద పడేదిట, అది వేరే సంగతి. ఎదురెదురుగా రెండు కిటికీలు, ఒక తలుపు తెరిచి ఉంచి, ఫ్యాను వేస్తే చాలు. పైసా ఖర్చు లేని వైద్యం ఇది.

స్కూలు ఆటో ఇంకా ఘోరం. వాన పడితే రెండు పక్కలా టార్పాలిన్ దించేస్తారు. లోపల పది మంది, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు. తరగతి గదిలో అంటుకోనిది అక్కడ అంటుకుంటుంది. మా ఆటో అబ్బాయితో మాట్లాడి, ఎంత వానైనా డ్రైవరు వెనకున్న తెర సగం పైకి కట్టేలా ఒప్పించాం. పిల్లల భుజాలు కాస్త తడుస్తాయి. తడిస్తే జలుబు చేస్తుందని అందరూ భయపడతారు గానీ, వైరస్ లేకుండా వట్టి వాన నీళ్లకి ఫ్లూ రాదు. టవలుతో తుడుచుకుంటే సరిపోతుంది.

నాకు అన్నింటికన్నా దిగులుగా ఉండేది హాస్టలు పిల్లల గురించి. గురుకులాల్లో, కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో, ప్రైవేటు రెసిడెన్షియల్ బడుల్లో ఒకే హాల్లో ట్రంకు పెట్టె పక్కన ట్రంకు పెట్టె, పరుపు పక్కన పరుపు. అక్కడ ఒక పిల్లకి జ్వరమొస్తే ఇంట్లో ఉంచండని ఎవరికి చెప్పాలి? ఆ హాలే ఇల్లు. అలాంటి చోట జ్వరం వచ్చినవాళ్లకి వేరే గది, రాత్రిపూట కూడా ఉండే నర్సు, అమ్మతో రోజూ ఫోన్లో మాట్లాడే వీలు తప్పనిసరిగా ఉండాలి. ఇవి ఉన్నాయో లేదో సెలవుల తర్వాత దింపడానికి వెళ్లిన రోజున తల్లిదండ్రులు స్వయంగా వెళ్లి చూడాలి. డైనింగ్ హాలు, కంప్యూటర్ ల్యాబు చూపించడానికి వాళ్లే ముందుకొస్తారు. జ్వరం గది చూపించమని మనమే అడగాలి.

ఈ శనివారం మా అమ్మాయి బడిలో పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఈసారి మేం కొందరం కలిసి ఒక ఉత్తరం రాశాం. కావాలంటే మీరూ కాపీ చేసుకోండి. వంద శాతం హాజరు బహుమతి తీసేయండి. జ్వరంతో మానిన రోజున జరిగిన టెస్టు తర్వాత పెట్టండి, అందుకు డాక్టరు చీటీ అడగొద్దు, అమ్మ రాసిన చీటీ చాలు. క్లాసులో కిటికీలు తెరిచి ఉంచండి. భోజనాల ముందు చేతులు కడిగే కుళాయిల దగ్గర సబ్బు పెట్టండి. పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే ఒకరోజు అమ్మకీ, ఒకరోజు నాన్నకీ ఫోన్ చెయ్యండి. ఈ చివరిది ఉత్తరంలో ఉండాలా వద్దా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాం, చివరికి ఉంచేశాం. ఇప్పటికి పదిహేడు సంతకాలయ్యాయి. అందులో నాన్నలవి మూడు.